నల్లగుండీ తెల్లచొక్కా

బొబ్బిలి నుంచి డిజైన్ చదువుకి వెళ్ళిన పిల్ల ప్రాజెక్టు అంటే వీణ తప్ప ఇంకేం వేస్తుంది? తులసి కూడా వీణే వేసింది. విశాఖపట్నంలో ఆమె చదివే కాలేజీ వాళ్ళు ఆఖరి సెమిస్టర్‌కి పిల్లలందర్నీ ఇళ్ళకి పంపేసి, 'మా ఊరు' అన్న మాట మీద పోస్టర్ల వరస ఒకటి చేసి తెమ్మన్నారు. మొదటి రివ్యూకి తులసి వీణని సన్నటి గీతల్లో వేసింది. బాగోలేదన్నారు. రెండో రివ్యూకి అదే వీణకి రంగులు పూసింది. ఈసారి బాగోలేదని కూడా అనలేదు. ఫోన్ తెర మీద సుహాసిని మేడమ్ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, నిదానంగా అడగడం మొదలుపెట్టింది.

"తులసీ, నీకు వీణ వాయించడం వచ్చా?"

"రాదు మేడమ్."

"మీ ఇంట్లో ఎవరికైనా?"

"ఎవరికీ రాదు మేడమ్. మాది వ్యవసాయం."

"వీణలు చేసేవాళ్ళ దగ్గరికి ఎప్పుడైనా వెళ్ళావా?"

"మొన్న వెళ్ళాను. ఫొటోల కోసం."

మేడమ్ కోప్పడితే బాగుండేది. కోప్పడలేదు. "సోమవారం ఆఖరి రివ్యూ. నువ్వు రోజూ చూసేదేదో దాన్ని తీసుకురా. అప్పటికీ ఇదే తెస్తే ఈ ఏడాది పోతుంది తల్లీ, నేను కూడా ఏం చెయ్యలేను," అని పెట్టేసింది.

తులసికి ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా ఓపిక లేక ఊరుకుంది. ఆ కాలేజీలో చేరిన దగ్గర్నుంచి ఇన్‌స్పిరేషన్, ఇన్‌స్పిరేషన్ అని వినీ వినీ ఆ మాటంటేనే ఆమెకి తలనొప్పి. ఎక్కడెక్కడి దేశాల పోస్టర్లో ఫోన్‌లో దాచుకుంది. దాచుకోవడమే గాని మళ్ళీ తీసి చూసింది లేదు. తోటిపిల్లలు గోడ మీద నీడ చూసి ఒక ప్రాజెక్టు, చేపల వల చూసి ఒక ప్రాజెక్టు చేసేస్తున్నారు. లోకంలో అందరికీ ఏది చూసినా ఏదో తోస్తున్నట్టూ, తనకొక్కదానికే ఏది చూసినా ఆవలింత వస్తున్నట్టూ ఉండేది.

రోజూ చూసేదట! రోజూ ఆమె చూసేది రమేష్‌బాబు దుకాణంలో కంప్యూటరు. రమేష్‌బాబు ఆమె తల్లికి స్వయానా తమ్ముడు. బస్టాండు వెనక సందులో ఫ్లెక్సీల దుకాణం నడుపుతున్నాడు. అతని దగ్గర డిజైన్లు చేసే కుర్రాడు హైదరాబాదు వెళ్ళిపోయాడు. "ఇంటికాడే ఉన్నావు గదే, నా సిస్టం ముందు కూకుంటే నీ సొమ్మేటి పోతాది?" అని మేనకోడల్ని తెచ్చి కూర్చోబెట్టాడు. ప్రాజెక్టు కోసం వచ్చిన పిల్ల, పొద్దున్న కూర్చుంటే ప్రింటరు కిర్రుకిర్రు మధ్య సాయంత్రానికి కళ్ళు మంటలెత్తి లేచేది.

ఆ దుకాణానికి వచ్చేవాళ్ళని చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. మూతి మీద మీసమైనా రాని కుర్రాడు పుట్టినరోజుకి తన పక్కన సింహాన్ని కూర్చోబెట్టమంటాడు. పుష్పవతి ఫంక్షను పిల్ల వెనక జలపాతం దూకాలంటారు. అమ్మవారి సంబరం ఫ్లెక్సీలో ఊళ్ళో కుర్రాళ్ళందరి మొహాలూ పడాలి. ఒక్క మొహం తప్పినా, పక్కవాడికంటే గోరంత చిన్నదైనా, దుకాణం ముందు పంచాయితీయే. ఇక అన్ని కాలాల్లోనూ ఆగకుండా వచ్చేవి శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు. మధ్యలో పోయిన మనిషి, మెడలో దండ, అటొక దీపం ఇటొక దీపం, వెనక నీలం మబ్బులు, కింద పెద్దకర్మ భోజనాల తారీఖు. తల మార్చడం, పేరు మార్చడం, తారీఖు మార్చడం. తులసి చెయ్యి ఆ పని తనంతట తనే చేసుకుపోయేది. బుర్రతో పనిలేదు.

గురువారం మధ్యాహ్నం ఆ దుకాణం ముందు ఆటో ఆగింది. తులసి తల్లి ధనలక్ష్మి దిగింది. ఆవిడ పొద్దున్నే సాలూరు రోడ్డులో ఉన్న ఒక ఊరికి, చుట్టాలావిడ లక్ష్మణమ్మ భర్త పెద్దకర్మకని వెళ్ళింది. భోజనం చేసి నిదానంగా రావలసిన మనిషి, మొహం కందగడ్డ చేసుకుని వచ్చింది.

"ఒరే రమేషూ, ఇటు రా!"

"ఏటప్పా, ఏటైనాది?" అంటూ రమేష్‌బాబు బయటికొచ్చాడు. అక్కని అతను అప్పా అనే పిలుస్తాడు.

"లచ్మణమ్మ మొగుడికి మీ బావ సొక్కా ఎందుకు తొడిగినావురా?"

రమేష్‌బాబు నవ్వబోయి ఆగిపోయాడు. "ఏ సొక్కా అప్పా?"

"నల్లగుండీ సొక్కా! తెల్లగుండీ దొరక్క నాను నా సేత్తో నల్లగుండీ కుట్టిన సొక్కా. ఊరి మొదట్లో ఎంత ఫ్లెక్సీ కట్టినారు! దండ కింద ఆ గుండీ కనపడగానే నా గుండె ఆగిపోనాది. సొక్కాయేనేటి, ఆ భుజాలు ఎవుళివో నాకు తెల్దేటిరా? ఇన్నేళ్ళు కాపరం సేసినదాన్ని. పైన తలకాయొకటే ఆయనది, కిందంతా మీ బావ. ఒక్క ముద్ద దిగితే ఒట్టు."

రమేష్‌బాబు కంప్యూటరు దగ్గర కూర్చున్న తులసి వైపు చూశాడు. తులసి తల దించుకుంది.

ఆ పని తులసిదే. ఇంటరు చదివేటప్పుడు వేసవి సెలవుల్లో చేసింది. పోయినవాళ్ళు ఆ దుకాణానికి తలలుగానే వస్తారు. ఎవరి పెళ్ళి ఫొటోలోనో మూల నిలబడ్డ తల, ఆధార్ కార్డు మీద నల్లగా పడ్డ తల. పల్లెల్లో మగవాళ్ళకి బతికుండగా ఫొటో తీయించుకునే తీరిక ఎక్కడిది? తల దొరుకుతుంది గాని కింద ఏం తగిలించాలి? మొదట్లో రమేష్‌బాబు ఇంటర్నెట్‌లో దొరికిన కోటూ టైలకి తలలు అతికించేవాడు. ఒకసారి ఒక రైతు కొడుకు ఆ ఫ్లెక్సీని తెచ్చి బల్ల మీద పడేశాడు. "మా అయ్య బతికున్నప్పుడు సొక్కాయే తొడిగీవోడు కాదు, సచ్చినాక కోటేటి మావా? ఊళ్ళో నవ్వుతన్నారు," అన్నాడు.

అప్పుడే ఫొటోషాప్ నేర్చుకుంటున్న తులసికి మావయ్య ఈ కష్టం చెప్పుకున్నాడు. మర్నాడు ధాన్యం అమ్ముకుని తెల్లచొక్కాతో, భుజాన కండువాతో ఇంటికొచ్చిన తండ్రి గణపతిరావుని ఆ పిల్ల వసారా గోడ దగ్గర, నీలం దుప్పటి ముందు నిలబెట్టి ఫొటో తీసింది. గణపతిరావు భుజాలంటే ఆ రోజుల్లో భుజాలే. ధాన్యం బస్తా ఇంకో మనిషి చెయ్యి వెయ్యకుండా ట్రాక్టరు మీదకి ఎక్కించేవాడు. తులసి ఆ ఫొటోలోంచి తల కత్తిరించి, మిగిలినదానికి 'నాన్న బాడీ' అని పేరు పెట్టి, మావయ్య సిస్టంలో ఎక్కించింది. మావయ్య మెచ్చుకుంటే ఆ పూట ఆకలి తెలీనంత సంతోషం వేసింది. జీవితంలో ఆమె చేసిన మొట్టమొదటి డిజైన్ అది.

తర్వాత కాలేజీకి వెళ్ళింది, అక్షరాల అందాలూ రంగుల పొందికా నేర్చుకుంది, ఆ ఫొటో మాట మర్చిపోయింది. రమేష్‌బాబు మర్చిపోలేదు. ఇప్పుడు తిరిగొచ్చి కూర్చున్నప్పుడు కూడా అదే బాడీ వాడుకలో ఉంది. తులసి కూడా ఏమీ అనుకోకుండా దాని మీదే తలలు పెడుతూ వచ్చింది. లక్ష్మణమ్మ భర్త తల పెట్టింది ఆమే. రోజూ ఎదురుగా తండ్రిని పెట్టుకుని, ఇది మా నాన్న అని ఒక్కసారి కూడా తోచలేదు. అలసిపోయిన కంటికి అదొక ఫైలు, అంతే.

"తీసీ," అంది ధనలక్ష్మి కూతురితో. గొంతు దిగిపోయింది. "ఇప్పుడే తీసీ. బతికున్న మనిషి ఒంటి మీద సచ్చినోళ్ళ తలకాయలేటే? ఆయన ఒళ్ళు అందుకే అలగ సిక్కిపోనాది. సుగరని డాక్టరు సెప్తాడు. సుగరు కాదు, ఏటీ కాదు. ఇదీ."

అలాంటిదేం ఉండదమ్మా అని చెప్పడానికి తులసికి నోరు రాలేదు. చదువుకున్న పిల్లే, నమ్మదు. అయినా, సరే అని తలూపింది. ధనలక్ష్మి చెంగుతో మొహం తుడుచుకుని అదే ఆటోలో ఇంటికి వెళ్ళిపోయింది.

"తీసేస్తే రేపటి ఆర్డరుకి ఏటి తొడగాలే?" అన్నాడు రమేష్‌బాబు నెమ్మదిగా.

తులసి మావయ్య స్కూటీ తాళం తీసుకుని బయటికి నడిచింది. ఎక్కడికని అడిగితే చెప్పలేకపోయేది. అమ్మ చూసినది తనూ ఒకసారి చూడాలనిపించింది, అంతే.

సాలూరు రోడ్డు పట్టుకుని వెళ్తుంటే ప్రతి ఊరి మలుపులోనూ నాన్న ఉన్నాడు. కరెంటు స్తంభానికి కట్టి ఉన్నాడు. పంచాయతీ ఆఫీసు ప్రహరీకి ఆని ఉన్నాడు. ఒకచోట తెల్లటి మీసాల ముసలాయన తలతో, ఒకచోట బండి ప్రమాదంలో పోయిన కుర్రాడి తలతో. ఆ పాతికేళ్ళ తల కింద నాన్న భుజాలు మరీ వెడల్పుగా కనిపించాయి. కార్యం అయిపోయిన ఫ్లెక్సీని పల్లెల్లో ఎవరూ పారెయ్యరు. ఒక పశువులశాల మీద కప్పి ఉంది. ఒక కళ్ళంలో మొక్కజొన్న పొత్తుల కుప్ప మీద, గాలికి ఎగరకుండా రాళ్ళు పెట్టి ఉంది. ఇంకోచోట గాలికి పైభాగం చిరిగిపోయింది. తల లేదు. దండా, కండువా, నల్లగుండీ మాత్రం మిగిలాయి. సరిగ్గా ఆనాడు తను కత్తిరించి పెట్టినట్టే ఉంది.

తులసి అక్కడ బండి ఆపింది. గట్టు మీద కూర్చుంది. ఫోన్ తీసి ఫొటో తీసింది. మళ్ళీ వెనక్కి తిరిగి, వచ్చిన దారంతా ఒక్కొక్కటీ తీసుకుంటూ వచ్చింది. దీన్నేనా ఇన్‌స్పిరేషన్ అంటారు? అయితే వాళ్ళు చెప్పినట్టు సంతోషంగా ఏమీ లేదు. ఒళ్ళు నొప్పులప్పుడు ఎక్కడ నొక్కితే నొప్పో వేలికి తగిలినట్టు ఉంది.

టీకొట్టు బల్ల మీద కూర్చుని, పోయినవాళ్ళ మొహాలు పోల్చుకోలేనట్టు మసక చేసి, ఫొటోలన్నీ వరసగా పేర్చి సుహాసిని మేడమ్‌కి పంపింది. టీ చల్లారకముందే ఫోన్ వచ్చింది.

"ఎవరమ్మా ఈ మనిషి?"

"మా నాన్న మేడమ్."

"ఉన్నారా?"

"ఉన్నారు మేడమ్. ఇంటి దగ్గరే."

"అయితే ఆఖరి పోస్టర్‌లో ఆయన తలతో ఆయన ఉండాలి. ఆయన లేకపోతే చూసేవాళ్ళకి ఇదంతా వేళాకోళంలా ఉంటుంది. ఆయన్ని అడుగు. ఒప్పుకుంటే సోమవారం తీసుకురా. ఇది పాసవుతుంది తులసీ."

తులసి ఇంటికి వచ్చేసరికి గణపతిరావు వసారాలో పలుపు తాడు పేనుకుంటున్నాడు. ధనలక్ష్మి అప్పటికే అంతా చెప్పేసినట్టుంది, ఆయన మొహంలో నవ్వుంది. తులసి పక్కన కూర్చుని ఫోన్‌లో ఫొటోలు చూపించింది. పోస్టర్ల సంగతి చెప్పింది. ఆఖరిదానిలో ఆయన ఉండాలని, లేకపోతే ఏడాది పోతుందని చెప్పింది.

"పోతే పోనీ!" అంది ధనలక్ష్మి లోపల్నుంచే. "ఇన్ని ఊళ్ళల్లో కట్టినది సాల్దేటి, ఇశాపట్నంలో కూడా కట్టాలా? నీకు సదువు సెప్పించినందుకు ఇదేటే?"

గణపతిరావు ఫొటోలు ఒక్కొక్కటే చూశాడు. పెద్దది చేసి చూపించమన్నాడు. "ఈయన్ని ఎరుగుదును. సంతలో ఎడ్లు కొనీవోడు. ఈడెవుడో తెల్దు, కుర్రోడు, పాపం." మొక్కజొన్న కుప్ప మీద ఫొటో చూసి పెద్దగా నవ్వాడు. "కూలికి కూడా ఇన్ని ఊళ్ళు ఎల్లలేదమ్మా నాను."

"నవ్వుతావేటి నువ్వు?" అంటూ ధనలక్ష్మి గుమ్మంలోకి వచ్చింది.

"ఏడవాలేటే? పోయినోడికి ఆ ఒక్కరోజు మంచి సొక్కా తొడగాలని ఇంటోళ్ళకి ఉంటాది. నాది సరిపోనాది. తొడిగినారు. తప్పేటి?" అని, ఇంకా నవ్విద్దామనే అనుకున్నాడో ఏమో, "ఒక మంచి ఉన్నాది ధనా. నా వంతు వచ్చినప్పుడు మన పిల్లకి పనే ఉండదు. తలకాయొకటి తెచ్చి ఎనక్కి ఎట్టీడమే," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ధనలక్ష్మి లోపలికి వెళ్ళిపోయింది. అన్న మాట అప్పుడు తెలిసింది గణపతిరావుకి. ఫోన్ కూతురి చేతిలో పెట్టేసి, మళ్ళీ తాడు అందుకున్నాడు. కాసేపటికి, "తీసుకెల్లమ్మా. నీ సదువు ఆగకూడదు," అన్నాడు.

మర్నాడు దుకాణం తెరవగానే తులసి పాత ఫొటో కోసం వెతికింది. 'నాన్న బాడీ' ఉంది. తలతో ఉన్న అసలు ఫొటో లేదు. పాత ఫోల్డర్లన్నీ తిరగేసింది. రమేష్‌బాబు అటక మీద నుంచి పాత హార్డ్‌డిస్కు దించి ఇచ్చాడు. అందులోనూ లేదు. ఆ ఫొటో తీసిన ఫోన్ ఎప్పుడో పాడైపోయింది. వెతగ్గా వెతగ్గా ఆమెకి అర్థమైంది. ఆనాడు తల కత్తిరించి, అసలు ఫొటో మీదే సేవ్ చేసేసింది. అసలుదాని జోలికి పోకూడదు, నకలు తీసుకుని దాని మీదే పని చెయ్యాలి అని కాలేజీలో మొదటిరోజే చెప్తారు. అప్పటికి ఆమెకి ఎవరు చెప్పారు?

ఊళ్ళో అందరి తలలూ ఉన్నాయి ఆ సిస్టంలో. నాన్న తల ఒక్కటే లేదు. వెనక్కి పెట్టెయ్యడమే అని నాన్న అన్న మాట గుర్తొచ్చి తులసికి అప్పుడు ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా కలిపి ఏడ్చింది. ప్రింటరు చప్పుడులో మావయ్యకి వినపడలేదు.

ఇంటికొచ్చి, "నాన్నా, ఇంకోసారి నిలబడాలి. అదే సొక్కా, అదే కండువా," అంది. ఎందుకో చెప్పింది.

గణపతిరావు భార్య వైపు చూశాడు. ఆ చొక్కాని ధనలక్ష్మి నిన్నే దండెం మీంచి లాగి ట్రంకుపెట్టెలో అడుక్కి తొక్కేసింది. ఏమంటుందోనని తులసి కూడా అటే చూసింది. ధనలక్ష్మి తనే వెళ్ళి పెట్టె తెరిచింది.

"దండా దీపం దగ్గరికి రాకూడదు," అంది చొక్కా దులుపుతూ. "ఈ ఫొటో ఆ రమేష్‌ గాడి సిస్టంలోకి ఎల్లకూడదు. తీసినెంటనే నాను దిష్టి తీస్తాను. అడ్డం సెప్పకండి ఇద్దరూ." ఎండుమిరపకాయలూ ఉప్పూ ముందుగానే తెచ్చి గుమ్మం దగ్గర పెట్టుకుంది.

వసారా గోడకి పాత మేకులు అలాగే ఉన్నాయి. తులసి వాటికి నీలం దుప్పటి కట్టింది. గణపతిరావు చొక్కా తొడుక్కుని వచ్చాడు.

చొక్కా ఆయనకి పెద్దదైపోయింది. కాలరు మెడకి దూరంగా నిలబడింది. భుజం కుట్టు జారి మోచేతి వైపు దిగిపోయింది. రోజూ కళ్ళ ముందు తిరిగే మనిషి ఎప్పుడు ఇంత తగ్గిపోయాడో తల్లీకూతుళ్ళిద్దరూ అప్పుడే చూసినట్టు చూశారు. ధనలక్ష్మి దగ్గరికి వెళ్ళి గుండీలు పెట్టింది. నల్లగుండీ దగ్గర చెయ్యి కాస్త ఆగింది. కండువా సర్దింది. ఎలా సర్దినా భుజం మీద నిలవలేదు. ఆవిడ ఆయన వెనక్కి వెళ్ళి, వదులుగా ఉన్న చొక్కాని వీపు దగ్గర గుప్పిట్లోకి లాగి బిగించి పట్టుకుంది.

"ఇలగ పట్టుకుంటాను, నువ్వు తీసీ. ఎనకాల నాను కనపడను," అంది.

"కనపడతావమ్మా. వదిలీ."

"కొంచిమైనా మునపటిలాగ ఉంటాడే."

"వదిలీ అమ్మా," అంది తులసి మళ్ళీ.

ధనలక్ష్మి వదిలి పక్కకి జరిగింది. చొక్కా మళ్ళీ జారిపోయింది. తులసి ఫోన్ ఎత్తింది. పాత బాడీకి పక్కన పెడితే రెండూ ఒకే కొలతలో, ఒకే ఎత్తులో పడాలి. ఆ భుజాల గీత ఆమెకి కంఠతా వచ్చు. ఎన్ని తలలు కూర్చింది దాని మీద! తెర మీద ఆ గీత ఎక్కడా దొరకలేదు.

"నాన్నా, కొంచెం నిటారుగా నిలబడు."

గణపతిరావు గడ్డం పైకెత్తాడు. భుజాలు అక్కడే ఉన్నాయి.

"ఇంకొంచెం నాన్నా."

"నిటారుగానే ఉన్నాను గదమ్మా," అన్నాడు ఆయన.

తులసి ఫొటో తీసింది.